సీలు విప్పని డబ్బాలో కడిగిన నాణెం

నేను దేవరకొండ కరెంటు ఆఫీసులో గుమాస్తాని. మీటరు చూడనిదే ఒక్క యూనిట్ కూడా రాయను. ఇక దయ్యాలను ఎక్కడ నమ్ముతాను? తొంభైల మొదట్లో జరిగిన ఈ సంగతిని మీరు నమ్మకపోయినా నాకు కోపం రాదు. నా కోపమంతా ఆ బొంబాయి డీలరు మీదే.

నాకు వెండి నాణేల పిచ్చి. కొద్ది సంఖ్యలోనే విడుదలయ్యే నాణేల కోసం డీలర్లు పోస్టులో లిస్టు పంపేవారు. అది చేతికొచ్చేసరికే పాతబడేది. మనియార్డరు కడితే స్టాకు లేదని కార్డు వచ్చేది. నెల తిరక్కుండా అదే నాణెం అదే లిస్టులో రెట్టింపు ధరకు కనబడేది. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే, ఆ బొంబాయి డీలరు ఆగమని చెప్పి రిసీవర్ పక్కన పెట్టి పోయేవాడు. ఇక్కడ బూత్ మీటరు తిరుగుతూనే ఉండేది. తల ప్రాణం తోకకొచ్చేది.

వీటిలో ప్రూఫ్ నాణేలని ఉంటాయి. అద్దంలా ఉంటాయి, వేలిముద్ర పడినా విలువ పోతుంది. అలాంటివి మూడు సంపాదించి బీరువాలో దాచుకున్నాను. ఒక శుక్రవారం ఇంటికొచ్చేసరికి మా అవ్వ, అంటే నాయన తల్లి, వాటిని డబ్బాల్లోంచి తీసి, చింతపండు పెట్టి కొబ్బరి పీచుతో తోమి, పళ్లెంలో ఆరబెట్టి కూర్చుంది.

"నల్లగైనయ్ బిడ్డా, తోమిన. సూడు, ఎట్ల మెరుస్తున్నయో" అంది.

వెండి నల్లబడితే చింతపండుతో తోమడం మా ఇళ్లలో మామూలే. ఆమె తప్పేం లేదు. ఈ మాట ఇప్పుడు అంటున్నాను. ఆరోజు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కి, "నీ చేతులిరగ, ఇంకోసారి నా సామాను ముట్టకు" అన్నాను. ఎనభై ఏళ్ల మనిషిని.

అప్పట్నుంచి అవ్వ నాదేదీ ముట్టలేదు. ఆరేసిన నా అంగీ వానలో తడుస్తున్నా, "వాని సామాను నేను ముట్టనమ్మా" అని నా భార్య సరోజను పిలిచేది. తప్పయిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. కొత్త నాణెం తెప్పించి, ముందు ఆమె చేతిలో పెట్టి, అప్పుడు చెబుదామనుకున్నాను. మళ్లీ ఆ డీలరుకే డబ్బు కట్టాను.

ఏడు నెలలు తిప్పించాడు. పంపుతున్నామన్నాడు, పంపామన్నాడు, అడ్రసు సరిగా లేదన్నాడు. ఐదో నెలలో అవ్వ పోయింది. వాడు మాట ప్రకారం పంపి ఉంటే నేను ఆ ఒక్క మాటా చెప్పుకునేవాణ్ని.

పార్సిల్ ఒక మిట్టమధ్యాహ్నం వచ్చింది. పోస్ట్‌మ్యాన్ ఖాజామియా లక్క ముద్రలు మూడూ చూపించాకే సంతకం పెట్టాను. అతని ముందే విప్పాను. లోపల ప్లాస్టిక్ డబ్బా, దాని చుట్టూ సీలు టేపు. టేపు ఎక్కడా లేవలేదు. బ్లేడుతో కోశాను.

"గిదేంది సార్, పులుపు వాసనొస్తున్నది" అన్నాడు ఖాజామియా.

నాణెం మీద ఆ అద్దపు మెరుపు లేదు. రెండు వైపులా తోమిన గుండ్రటి గీతలు. అక్షరాల సందుల్లో చింతపండు గుజ్జు. సరోజ వేలితో తాకి చూసి, "ఇంకా తడి ఆరలే" అంది. పోస్టు ముద్ర ప్రకారం పార్సిల్ బొంబాయిలో బయలుదేరి పన్నెండు రోజులైంది.

బొంబాయిలో చింతపండు దొరకదా అని మీరనవచ్చు. నేనూ అదే అనుకుని డీలరుకు గట్టిగా ఉత్తరం రాశాను. ఎన్నడూ లేనిది వారంలో జవాబొచ్చింది. సీలు విప్పాక మీ ఇంట్లో ఎవరో కడిగారు, వాపసు తీసుకోం అని.

ఒళ్లు మండిపోయింది. వెంటనే కార్డు తీసి, మా ఇంట్లో ఎవరూ కడగలేదని రాయబోయాను. 'మా ఇంట్లో' దాకా రాసి ఆగిపోయాను. కళ్లనీళ్లు వచ్చాయి.

"రాయుండ్రి మరి" అంది సరోజ.

రాయలేకపోయాను. ఆ తడి ఎక్కడిదో ఈరోజుకీ నాకు తెలియదు. కానీ ఆ వాక్యం పూర్తి చేస్తే, అవ్వ ఇంకా నా సామాను ముట్టడం లేదని నా చేత్తో నేనే రాసిచ్చినట్టవుతుంది.