వర్జీనియా పొగాకు దొర ఇంటికి వెళ్తే కారు ఎక్కడ ఆపాలి?

ఎనభైల మొదట్లో మా అత్తగారు ఒంగోలు దగ్గరి పల్లె నుంచి ఆరు నెలలు ఉందామని మా ఇంటికి వచ్చారు. అప్పుడు మేం వాషింగ్టన్ శివార్లలో, వర్జీనియా వైపు ఉండేవాళ్ళం. వైట్‌హౌస్ చూపిస్తే ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. "మన చేలో వేసే వర్జీనియా పొగాకు ఈడిదేగా, ఆ చేను చూపిచ్చండి" అని పట్టుబట్టారు. మా అమ్మాయి సుధకి నాలుగో తరగతిలో రాష్ట్ర చరిత్ర పాఠం, సోమవారం క్లాసులో దాని గురించి మాట్లాడాలి. రెండు పనులూ ఒకేసారి అయిపోతాయని శనివారం పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరాం.

రిచ్‌మండ్ దాకా ఐ-95, అక్కణ్ణుంచి జేమ్స్ నది వెంబడి రూట్ 5. మొత్తం మూడు గంటలు పట్టింది. రెండు వైపులా చెట్లతో దారి హాయిగా ఉంటుంది. నది ఒడ్డున ఒక పొగాకు దొర బంగళాని మ్యూజియం చేశారు. పేరు రాయను, వాళ్ళకి ఉచిత ప్రచారం నేనెందుకు చెయ్యాలి? టికెట్ పెద్దలకు నాలుగు డాలర్లు, పిల్లలకు సగం. ఇంటి వెనక గడ్డి మైదానంలో కారు ఆపమన్నారు, ఆపాం.

పాతకాలం గౌను వేసుకున్న గైడమ్మ ఇంగ్లీషువాళ్ళు ఓడల్లో రావడం, కోట కట్టుకోవడం, పొగాకుతో బాగుపడటం, స్వాతంత్ర్య యుద్ధం, ప్రెసిడెంట్లు, అన్నీ గడగడా అప్పజెప్పింది. "ఈ వెయ్యి ఎకరాల్లో దొరగారు పొగాకు పండించారు" అంది. సుధ దాన్ని తెలుగులో చెప్పగానే అత్తగారు నడక ఆపేశారు.

"వెయ్యెకరాలు ఒక్కడే పండిచ్చాడంటనా? మన నాలుగెకరాలకే నడుములు ఇరుగుతయ్యి. నాట్లేసిందెవురు, ఆకు కొట్టిందెవురు? అడుగు తల్లీ."

సుధ అడిగింది. "సర్వెంట్స్ అంట నానమ్మా."

"మరి కూలెంతిచ్చారంట?"

సుధ మళ్ళీ అడిగింది. గైడమ్మ నవ్వు మాయమైంది. "వాళ్ళని చాలా బాగా చూసుకునేవారు, హనీ" అంటూ తర్వాతి గదికి దారి తీసింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎద్దుల గురించి కూడా అదే మాట అంటారు! మావారేమో "ఊరుకో అమ్మా, పరాయి దేశంలో మనకెందుకు" అని గొణిగారు. ఏటా టాక్స్ కడుతున్న దేశం పరాయిదెలా అయిందో నాకైతే అర్థం కాలేదు.

మా గుంపులో ఒక నల్లజాతి పెద్దావిడ ఉన్నారు. ఆవిడ సుధ వైపు వంగి, "ఏమీ ఇవ్వలేదు, బంగారం. ఒక్క సెంటు కూడా. మా ముత్తవ్వ ఇక్కడే బానిసగా పుట్టి ఇక్కడే పోయింది" అన్నారు.

"ప్రశ్నలు చివర్లో" అంది గైడమ్మ.

చివర్లో ఆ పెద్దావిడే అడిగారు, బానిసల సమాధులు ఎటువైపని. తమకు తెలియదని జవాబు. ఆవిడే మమ్మల్ని ఇంటి వెనక్కి తీసుకెళ్ళారు. గడ్డిలో అక్కడక్కడా పేర్లు లేని రాళ్ళు. తన తల్లి చిన్నప్పుడు అక్కడ పూలు పెట్టేదట. ఒక రాయి మీద మా కారు ముందు చక్రం ఉంది.

అత్తగారు చెప్పులు విడిచి పక్కన పెట్టారు. "బండి తియ్యరా" అన్నారు కొడుకుతో. మనకెందుకన్న మనిషి పరుగెత్తుకెళ్ళి తీశారు. సోమవారం సుధ తన ప్రసంగాన్ని ఓడలతో కాకుండా ఆ రాళ్ళతో మొదలుపెట్టింది.

మొన్న మళ్ళీ వెళ్ళాను. ఇప్పుడు గైడ్లు బానిసలు అనే మాట పలుకుతున్నారు, గోడకి ఒక బోర్డు కూడా పెట్టారు. సంతోషం. కానీ కార్లు ఆపేది మాత్రం ఇంకా అక్కడే. పొగాకు కోసం వెయ్యి ఎకరాలు దొరికిన చోట, ఆ పొగాకు పండించినవాళ్ళకి ఆరడుగుల నేల వదలడానికి ఇన్నేళ్ళూ చేతులు రాలేదు. వెళ్ళేవాళ్ళకి ఒక్క సలహా: వెనక బోలెడంత ఖాళీ ఉందని వాళ్ళు ఎంత చెప్పినా వినకండి. కారు గేటు బయటే ఆపి నడిచి వెళ్ళండి.