గుట్ట లేని గుట్ట స్టాప్

నిన్న మధ్యాహ్నం సైట్‌లో టిఫిన్ డబ్బా మూత తీస్తున్నా. బస్ గ్రూప్‌లో వాయిస్ మెసేజ్. "ఓబులేసన్న లేడురా. రూమ్‌లోనే. హార్ట్ అటాక్."

రెండుసార్లు విన్నా. పొద్దున్నే కదా నన్ను దింపి వెళ్ళాడు!

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. ఓబులేసన్న మా కంపెనీ బస్ డ్రైవర్. రాయచోటి దగ్గర పల్లె. పదకొండేళ్ళుగా మమ్మల్ని కువైట్‌లో మేముండే మంగఫ్ నుంచి సైట్‌కి, సైట్ నుంచి మంగఫ్‌కి మోశాడు.

కువైట్ అంతా పళ్ళెంలా చదును. అన్నకి అది అస్సలు నచ్చేది కాదు.

అందుకే స్టాపులకి తనే పేర్లు పెట్టాడు. రెండు పెద్ద బిల్డింగుల మధ్య సందు "కనుమ". ఎప్పుడూ నీళ్ళు నిలిచే కార్ వాష్ "కుంట". పైపు లీకై పారే చోటు "వంక".

నాది జగిత్యాల. "వంక కాదన్నా, వాగు" అని రెండేళ్ళు కొట్లాడా. స్టీరింగ్ ఆయన చేతిలో ఉంది, ఏం చేస్తాం!

ఇక "గుట్ట". అది ఒక కన్‌స్ట్రక్షన్ ముందు ఇసుక కుప్ప. బిల్డింగ్ అయిపోయింది, ఇసుక ఎత్తుకెళ్ళారు. పేరు మాత్రం ఉండిపోయింది.

ఒక సాయంత్రం మా ఐరిష్ ఇంజనీర్ కారు చెడిపోతే ఆయనా మా బస్సే ఎక్కాడు. "గుట్ట! గుట్టోళ్ళు దిగండప్పా!" అని అన్న అరిచాడు. అంటే ఏంటని సార్ అడిగితే హిల్ అని చెప్పా. పాపం, కిటికీలోంచి అటూ ఇటూ వెతికాడు. హిల్ ఎక్కడ?

"ఉన్నింది సార్. ఎత్తకపోయినారు" అన్నాడు అన్న, చాలా సీరియస్‌గా.

నేను ఇంగ్లీష్‌లో చెప్పేసరికి సార్ సీటు మీద కొట్టి మరీ నవ్వాడు. వాళ్ళ ఊరి పేరులో చెరువు ఉందట. ఐరిష్‌లో లాఖ్ అంటారట. తాతల కాలంలోనే నీళ్ళు తీసేశారు, ఇప్పుడక్కడ ఆవులు మేస్తున్నాయి. పేరు మాత్రం అలాగే ఉందట. మన గుట్ట వాళ్ళకి క్నాక్. మన బండ కారిగ్.

ఆ రోజు నుంచి ఇద్దరూ దోస్తులు. మాట ఒక్క ముక్క కలవదు!

అబూ హలీఫా బీచ్ స్టాప్‌కి మాత్రం అన్న దగ్గర పేరు లేదు. "మా పక్క సముద్రం యాడుంది, పేరుండేదానికి?" అనేవాడు. ఆ పేరు సార్ ఇచ్చాడు. త్రా. అంటే సముద్రం ఒడ్డున ఇసుక నేల. మర్నాటి నుంచి కడప, జగిత్యాల, నిజామాబాద్, అందరం "త్రా" అనడమే.

వచ్చే నెల అన్న ఉద్యోగం ఖలాస్ చేసుకుని ఇంటికి పోవాల్సింది. మొన్ననే అడిగాడు, నవ్వుతూనే. "నేను పోతే ఈ గుట్టలూ కుంటలూ ఎవురు పిలుస్తార్రా?"

మేం ఉన్నాం కదన్నా అన్నా. నమ్మినట్టు లేదు.

ఇవాళ కొత్త డ్రైవర్ వచ్చాడు. నేపాల్ అతను, అన్న లీవ్ పెట్టినప్పుడు ఒకటి రెండుసార్లు బండి నడిపాడు. సాయంత్రం తిరిగొస్తున్నాం. స్టాప్ వచ్చింది. మాట ఇచ్చినవాణ్ణి, పిలవాల్సింది పోయి కిటికీ వైపు తిరిగా.

అతనే అద్దంలో మమ్మల్ని చూసి, త్వరగా దిగమని అరిచాడు.

"గుట్టా! యల్లా, గుట్టా!"

బస్సంతా ఒక్కసారి నవ్వింది. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వాం.

నిశ్చింతగా నిద్రపో అన్నా. ఈసారి నీ గుట్టని ఎవరూ ఎత్తుకుపోలేరు.