అత్త గదిలో స్విచ్చి

ఇన్నేళ్ళూ మోశాను. మోశాను అంటే ఏదో ఘనకార్యంలా ఉంది. దాచాను, అంతే. ఇది చదివి మీరు జాలిపడతారేమో. పడకండి, నాకు అసహ్యం.

పందొమ్మిదివందల యాభైలలో నాకు పురసవాక్కంలో ఎలక్ట్రిక్ సామాన్ల కొట్టు ఉండేది. ఇంట్లో వెనకవైపున్న, కిటికీ లేని గదిలో మా మేనత్త ఉండేది. భర్త పోయినప్పటినుంచీ మా దగ్గరే. కుట్టుమిషను తొక్కి, రాయపురం రేవు కూలీల ఆడవాళ్ళకు రవికలు కుట్టేది. బడికి నేను తొడుక్కున్న చొక్కాలన్నీ ఆమె కుట్టినవే. అది మరిచిపోయేంత పెద్దవాణ్ణయ్యాను. చేపల వాసన కొట్టే ఆ ఆడవాళ్ళు నా గుమ్మంలో నిలబడితే నాకు తలవంపు. ఎదురుగా నిలబడి అత్తను కుట్టు మానెయ్యమని చెప్పే ధైర్యం మాత్రం లేదు.

అప్పుడే మేడమెట్ల కోసమని కొట్టుకు కొత్తరకం స్విచ్చి వచ్చింది. నొక్కితే కాసేపు వెలిగి, దీపం దానంతటదే ఆరిపోతుంది. అత్త గుడికి వెళ్ళిన పూట ఆమె గదిలో దాన్ని బిగించాను. పాతది షాకు కొడుతోందని చెప్పాను. పని మధ్యలో దీపం ఆరిపోతుంటే విసిగి కుట్టు మానేస్తుందనుకున్నాను. అంతవరకే అనుకున్నానా? అవుననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను.

ఆ సాయంత్రం మిషను చప్పుడు ఆగింది. మూసిన తలుపు వెనకనుంచి అత్త పిలిచింది.

“ఒరే, కరెంటు పోయిందా?”

“లేదత్తా. ఈడ వెలగతానే ఉండాది.”

“నా గదిలో?”

నిజం చెప్పడానికి అప్పుడింకా వీలుంది.

“ఆడా వెలగతానే ఉండాది. తలుపు సందులో వెలుగు కనిపిస్తా ఉంటే! నీకు కానరాలేదా?”

తలుపు తోస్తూనే, గోడమీదికి చెయ్యి చాచి చప్పుడు కాకుండా స్విచ్చి నొక్కాను.

“ఇప్పుడు కానొస్తా ఉండాదిరా,” అంది కళ్ళు నులుముకుంటూ.

నాకు నవ్వొచ్చింది. అవును, నవ్వే.

ఆ తరవాత ఆమె అడగడం మానేసింది. చీకటైనప్పుడల్లా కళ్ళు మూసుకుని, నేను వెళ్ళి గుట్టుగా స్విచ్చి నొక్కేదాకా చేతిలో గుడ్డతో అలాగే కూర్చునేది. డాక్టరుకు చూపిద్దామని నా భార్య అంటే, వయసు మీదపడింది, అంతేనని తోసిపుచ్చాను. చివరికి మిషన్ను ఒక రాయపురం అమ్మాయికి ఊరికే ఇచ్చేసింది. రిక్షాలోకి ఎక్కిస్తుంటే దాని చక్రాన్ని చేత్తో తడిమి చూసింది.

వెంటనే పాత స్విచ్చి పెట్టేశాను. దీపం ఆరకుండా వెలిగింది. ఆమె మళ్ళీ సూది పట్టలేదు. తన కళ్ళను తానే నమ్మక, గోడ పట్టుకుని నడిచేది. నేను చెయ్యి పట్టుకుని వీధిలోకి తీసుకెళ్తే చూసినవాళ్ళు నన్ను మెచ్చుకునేవారు. “నువ్వు లేకుంటే నా గతి ఏందిరా,” అనేది ఆమె. ఆ మెప్పునంతా సిగ్గులేకుండా పుచ్చుకున్నాను. స్విచ్చి బిగించినవాడికంటే ఆ చెయ్యి పట్టుకు నడిపించినవాడే నీచుడు. ఆమె నన్ను దీవిస్తూనే పోయింది.

మీరు క్షమిస్తానంటే అది మీ అమాయకత్వం. నాకు ఒక్క మాట ఎవరితోనైనా అనాలని ఉండింది. మా అత్త కళ్ళకు ఏ జబ్బూ లేదు.

అన్నాను. కాస్త ఊపిరాడుతోంది.