ఓక్‌బున్ అవ్వ ముక్కు

ఓక్‌బున్ అవ్వకి ఉన్నది ఒకటే జబ్బు. నేలలోంచి పచ్చగా ఏది తల ఎత్తినా దేవుణ్ణి తలుచుకుని "ఆయన ఊరికే పుట్టించలేదు" అనేది. అని ఊరుకుంటే ఎవరికీ బాధ లేకపోను. పీకేది, ఉడకబెట్టేది, ఎదురుపడ్డవాళ్ళ చేత తినిపించేది. సొల్‌గోల్ కొండ ఊళ్ళో ఆవిడ అల్లంత దూరాన కనబడగానే పసిపిల్లలు సైతం నోరు బిగించేవారు.

అందరికంటే ఎక్కువ తిన్నవాడు చర్చికి కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు యున్. వంటకి బియ్యం తీసిన ప్రతిసారీ ఆడవాళ్ళు పాస్టరు కోసం ఒక పిడికెడు పక్కన పెట్టి, ఆదివారం చర్చికి తేవడం అక్కడి ఆనవాయితీ. గుమ్మం పక్క మేకులకి పేరుపేరునా గుడ్డసంచులు వేలాడేవి. అవ్వ సంచి ఎప్పుడూ తడిగా ఉండేది. విప్పితే మాచిపత్రి.

"అవ్వా, ఇది బియ్యం సంచి."

"తెలుసు నాయనా. బియ్యం మనం పండించింది, ఇది ఆయన పండించింది. నువ్వు ఎవరి సేవకుడివి?"

అయిదేళ్ళు దైవశాస్త్రం చదివాడు, పాపం. వారం రోజులు మాచిపత్రి చారు తాగాడు.

యుద్ధం ఆగాక వచ్చిన రెండో వసంతం అది. పాత బియ్యం నిండుకున్నాయి, బార్లీ ఇంకా పచ్చిగానే ఉంది. ఊరంతా కడుపు బిగబట్టుకున్నా సంఘపెద్ద నామ్‌గారి ప్రార్థనలకి మాత్రం కరువు లేదు. నడుముకి ధాన్యపు కొట్టు తాళాలు గలగలలాడుతుంటే "మా కొట్టూ ఖాళీయే ప్రభువా, ఆకలిగొన్నవారిని నువ్వే పోషించు" అంటూ అరగంట లాగించేవాడు. ఓసారి మధ్యలో అవ్వ ముక్కు ఎగబీల్చింది.

"పెద్దగారింట్లో ఇవాళ తెల్లన్నం, ఎండుచేప."

ఆ ఇల్లు రెండు పొలాల అవతల ఉంది. నామ్‌గారు ఆమెన్ అనకుండానే కూర్చున్నాడు.

పాస్టరు దిగులంతా సున్‌నే గురించి. మొగుణ్ణి యుద్ధం మింగేస్తే మూడేళ్ళ కూతుర్ని ఎత్తుకుని పైకొండల్లోంచి దిగివచ్చిన మనిషి. ఆకలికి పిల్ల మొహం ఉబ్బిపోయింది. పాస్టరు తన బియ్యంలోంచి కాస్త పట్టుకెళితే గుమ్మంలోనే ఆపేసింది.

"మా వంశంలో బిచ్చం పుచ్చుకున్నవాళ్ళు లేరండి."

తెల్లారకముందే కొండెక్కి ఆకులు ఏరుకుని, ఊరు లేచేసరికి తలుపు మూసుకునేది. ఆకులు తిని బతుకుతున్నట్టు ఎవరికీ తెలియకూడదు.

"వట్టి ఆకులతో ఆ పిల్ల బార్లీ కోతదాకా నిలవదు అవ్వా" అన్నాడు పాస్టరు. అవ్వ "ఊఁ" అని అతని చేతిలో గుప్పెడు చేదాకులు పెట్టింది. ఈవిడకి చెప్పుకున్నందుకు అతను తనని తానే తిట్టుకున్నాడు.

ఆ ఆదివారం అవ్వ లేచి నిలబడింది. "శనివారం ఆడవాళ్ళంతా ఆకులకి కొండకి రావాలి. బియ్యం ఉన్నవాళ్ళు ముఖ్యంగా రావాలి."

"మాకేం ఖర్మ, కొట్టు నిండా పెట్టుకుని గడ్డి తినడానికి" అంది నామ్‌గారి భార్య. నామ్‌గారికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

"రాకపోతే మానె. నేనే వండుకుని మీ ఇళ్ళకి వస్తాను" అంది అవ్వ.

శనివారం ఒక్క ఆడమనిషి కూడా ఇంట్లో మిగల్లేదు. సున్‌నే కూడా పిల్లని వీపున కట్టుకుని వెనకాల నిలబడింది. బుట్టల్ని దీవించడానికి పాస్టరు వచ్చాడు.

అవ్వ వెడల్పాటి ఆకులు నాలుగు తెంపింది. "అడవి వెల్లుల్లి. ఆయన ఊరికే పుట్టించలేదు. నమలమ్మా" అని నామ్‌గారి భార్యకి అందించింది. ఆవిడ మొహం చిట్లించి నోటిదాకా తీసుకెళ్ళింది. ఎక్కణ్ణుంచి ఊడిపడిందో సున్‌నే, ఆ చేతిమీద ఒక్కటి వేసింది.

"తినకండి, విషం. నలిపి చూడండి, వెల్లుల్లి వాసన ఉందా?"

లేదు. అందరూ అవ్వకేసి చూశారు.

"ముసలిదాన్ని, ముక్కు చచ్చింది" అంది అవ్వ.

"ఇన్నాళ్ళూ మా చేత ఏం తినిపించావే తల్లీ" అంటూ ఆడవాళ్ళంతా పొట్టలు తడుముకున్నారు. పాస్టరు కూడా తడుముకున్నాడు.

"ఇకమీద నన్ను నమ్మకండి. ఎవరేం ఏరినా సున్‌నేకి చూపించి వండుకోండి. బుట్టకి పిడికెడు బియ్యం."

"నాకు బియ్యం ఎందుకండీ" అంది సున్‌నే బిర్రబిగుసుకుని.

"నీకెవరిచ్చారు? నువ్వు నేర్పే ఆకుల చదువుకి. ఊరికే నేర్చుకుంటే బిచ్చం కాదూ? నీకేనా పరువు, వీళ్ళకి లేదూ?"

సున్‌నే వీపున పిల్లని సర్దుకుని, దగ్గరున్న బుట్టలోకి వంగింది.

నామ్‌గారి భార్యకి ప్రాణభయం పట్టుకుంది. ఇంట్లో ముల్లంగి ఆకుని కూడా నమ్మక, పూటకో బుట్ట, బుట్టకి రెండు పిడికిళ్ళతో వచ్చేది. కొట్టు తాళాలు ఇప్పుడు ఆవిడ నడుముకే. బార్లీ పసుపు తిరిగేసరికి పిల్ల మొహంలో వాపు తీసింది, వాకిట్లో పరుగెత్తుతోంది. చర్చి గుమ్మంలో పాస్టరు సంచులు చిక్కిపోయాయి. అయినా అతనికి ప్రాణం తేలికపడింది.

ఓరోజు అతనూ అవ్వా కొండ దిగుతున్నారు. అవ్వ ఆగి ముక్కు ఎగబీల్చింది.

"సున్‌నే అన్నం అడుగంటుతోంది."

సున్‌నే ఇల్లు వాగు అవతల ఉంది. పాస్టరు అవ్వని ఎగాదిగా చూశాడు.

"ముక్కు చచ్చిందన్నారు?"

"ప్రార్థన చేశాను. బతికింది."

"సున్‌నే చూసి ఆపకపోతే పెద్దగారి భార్య గతేమిటి అవ్వా?"

"నేను పక్కనే ఉన్నాగా, చెయ్యి పట్టుకునేదాన్ని." అవ్వ కాస్త ఆలోచించింది. "నిదానంగా."

"అయినా విషపు ఆకుతోనా..."

"ఏం, దాన్ని మాత్రం ఆయన ఊరికే పుట్టించాడా?" అని అవ్వ వంగి, దారి పక్కన మాచిపత్రి ఓ గుప్పెడు తెంపి అతని జేబులో కుక్కింది.

పాస్టరు ఒక ఆకు తీసి నలిపి, వాసన చూసి, నోట్లో వేసుకున్నాడు.