పంపినా పోని మాటలు

గద్వాలలోని బాలకిష్టయ్య చీరల దుకాణానికి తొంభై తొమ్మిదిలో కంప్యూటర్ వచ్చింది. దానికి కుంకుమబొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దుమ్ము పడకుండా జరీ చెడిన చీర ముక్క కప్పారు. నడపడానికి కళావతిని పెట్టుకున్నారు. వనపర్తిలో కంప్యూటర్ నేర్చుకున్న పిల్ల, పైగా తమ దుకాణానికే నేసే ధర్మయ్య కూతురు. ఇంకేం కావాలి?

ఫోన్ తీగ తీసి దానికి తగిలిస్తే కాసేపు కీచుమని అరిచి హైదరాబాద్‌తో కలిసేది. ఏ చీరలు మగ్గం దిగాయో, వాటి రంగులేమిటో, కోటకొమ్మ అంచువి ఎన్నో రాసి అక్కడి కొట్టుకు మెయిల్ పంపడం కళావతి పని. అక్కడ ఆ మెయిళ్లు చూసేది సుల్తానాబీ. వనపర్తిలో ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, ఒకే డబ్బాలో అన్నం తిన్నవాళ్లు. అందుకే చీరల మెయిల్ పోయాక ఇంకో మెయిల్ కూడా పోయేది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. బాలకిష్టయ్యకు ఇంగ్లీషు రాదు కదా అని కళావతి ధైర్యం.

ఆ రెండో మెయిల్‌లో ఉండేదంతా అంజన్న సంగతి. అంజన్న ఆమె భర్త. మరమగ్గాల పనికి షోలాపూర్ పోయినవాడు తిరిగి రాలేదు. అసలు సంగతి తెలిసింది కళావతికి, సుల్తానాబీకి మాత్రమే. "అల్లుడు ఎప్పుడొస్తడంటనే?" అని తల్లి అనంతమ్మ అడిగినప్పుడల్లా, "దుకాణానికి ఫోన్ చేసిండమ్మా. పని మస్తుగున్నదంట" అని చెప్పేది. అల్లుడి మీద ప్రాణాలు పెట్టుకున్న ఆ ముసలామెకు నిజం తెలియకుండా చూడాలన్నదే కళావతి తాపత్రయం.

ఆమె అజాగ్రత్త మనిషేం కాదు. సుల్తానాబీ దగ్గర్నుంచి వచ్చినవన్నీ చదవగానే తీసేసేది. తీసేసినవి చేరే చెత్తబుట్టనూ ఖాళీ చేసేది. తాను పంపినవాటి గురించి మాత్రం ఎన్నడూ ఆలోచించలేదు. నేతగాళ్ల ఇంట్లో పుట్టిన పిల్ల. మగ్గం మీంచి కోసి సావుకారికి ఇచ్చిన చీర మళ్లీ ఇంట్లో కనబడదు, పోగైనా మిగలదు. పంపిన మాట కూడా అంతేననుకుంది.

ఒకరోజు బాలకిష్టయ్య కోపంగా ఉన్నాడు. "ఏం బిడ్డ, పోయిన వారం లిస్టు రాలేదంటున్నరు. పంపితివా, లేకుంటె చాయ్ తాగుకుంట కూసుంటివా?"

"పంపిన సావుకారీ."

"పంపితె ఏడికి పోయింది? నడిమిట్ల కాకెత్కపోయిందా?"

కంప్యూటర్లు బాగుచేసే మస్తాన్‌ను మహబూబ్‌నగర్ నుంచి పిలిపించాడు. అది నేతగాళ్లకు పట్టు నూలు తూచి ఇచ్చే రోజు. ధర్మయ్యతో పాటు ఇంకో ముగ్గురు నేతగాళ్లు గద్దె ముందు చాప మీద కూర్చున్నారు.

"గింతదానికి పరేషాన్ ఎందుకు సేటూ?" అన్నాడు మస్తాన్ నవ్వుతూ. "పంపినవన్నీ గీడ్నే ఉంటయి. పొమ్మన్నా పోవు."

తెర మీద పక్కగా, 'పంపినవి' అని ఇంగ్లీషులో ఉన్న పేరును నొక్కాడు. కళావతి రోజూ చూసే పేరే అది. ఒక్కనాడూ తెరవలేదు.

"ఇగో, మీ లిస్టు ఉన్నది, పంపిందే. ఇవన్నీ చీరలయే. ఇదేందో పొడుగ్గుంది... ఇంగ్లీషు గాదు సేటూ, తెలుగే!"

"సరుకు సంగతేమో. చదువు."

మస్తాన్ కూడబలుక్కుంటూ గట్టిగా చదివాడు. "సుల్తానా... ఆయన షోలాపూర్ల లేడు. రాయచూర్ల ఇంకొకామెతోటి ఉంటుండు. బస్సెక్కి పోయి నేనే చూసొచ్చిన. ఆమె సంకల పిల్ల ఉన్నది. అమ్మకు చెప్తె బతకదు. ఫోన్ చేసిండని చెప్తున్న. చెప్పీ చెప్పీ నాకే ఫోన్ మోగినట్లు అయితున్నది..."

రెండో మాటకే బాలకిష్టయ్యకు అర్థమైంది. ఆపమని మాత్రం అనలేదు. గద్దె మీంచి కొంచెం ముందుకు వంగాడు.

"ఎవరి సినిమా కథ సేటూ ఇది?" అన్నాడు ఏమీ తెలియని మస్తాన్.

కళావతి గోడ దగ్గరికి పోయి వైరు పీకేసింది. తెర నల్లబడింది.

"అరె, కాలిపోతది గద! ఎవని సొమ్మనుకున్నవ్?" అన్నాడు బాలకిష్టయ్య.

"అవి నా మాటలు సావుకారీ."

"నీ మాటలైతె నీ ఇంట్ల పెట్టుకో బిడ్డ. నా డబ్బల దొరికింది నాదే."

"బేరానికొచ్చిన ఆడమనిషి నీ గద్దె మీద సంచి మర్చిపోతె, విప్పి నలుగురికి చూపిస్తవా?"

బాలకిష్టయ్య గల్లాపెట్టె సర్దుకున్నాడు. చాప మీద ఎవరూ తలెత్తలేదు. ధర్మయ్య, "నా పట్టు తూకం అయిందా?" అని మాత్రం అడిగాడు. పట్టు సంచిలో పెట్టుకుని, కూతురి వైపు చూడకుండా మెట్లు దిగిపోయాడు.

ధర్మయ్య ఇంట్లో ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది. మిగిలిన ముగ్గురి ఇళ్లూ ఆ వాడలోనే.

కళావతి ఇంటికి వచ్చేసరికి అనంతమ్మ రాట్నం ముందు కండెలు చుడుతోంది. చక్రం ఆపకుండానే అడిగింది. "ఇయ్యాల అల్లుడు ఫోన్ చేసిండానే?"

కళావతి గడపలో చెప్పులు విడిచింది.

"సుల్తానకు చెప్పుకున్నవు. డబ్బకు చెప్పుకున్నవు. కన్నదానికి చెప్తె సస్తదనుకుంటివి." చక్రం ఆపింది. "ఊరంత తెలిసినంక నాకు తెలిసింది. సావలేదు, సూడు. బతికే ఉన్న."

ఆ తర్వాత ఆ ఇంట్లో అంజన్న పేరు ఎవరూ ఎత్తలేదు. తల్లీకూతుళ్లు ఒకే పొయ్యి దగ్గర కూర్చుని తిన్నారు గానీ, అనంతమ్మ ఇక కూతుర్ని ఏమీ అడగలేదు.

కళావతి పని మానలేదు. మానితే తండ్రికి పట్టు ఎవరిస్తారు? మర్నాడు పోయేసరికి బాలకిష్టయ్య బల్లను తిప్పించి ఉన్నాడు. గోడవైపు ఉండే తెర ఇప్పుడు గద్దెవైపు చూస్తోంది. తనకు చదవడం రాకున్నా, చదివేవాళ్లను పిలిపించగలడు. ఆమె కూర్చుని, పంపిన మెయిళ్లలో తనవన్నీ వెతికి తీసేసింది. అప్పటికే వినవలసినవాళ్లంతా విన్నారు.

మధ్యాహ్నం సుల్తానాబీ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. అమ్మకు చెప్పినవా, నువ్వెట్లున్నవు అని.

వెనక గద్దె మీద బాలకిష్టయ్య దగ్గాడు. కళావతి జవాబు రాసింది. "అంత మంచిగనే ఉన్నది. కోటకొమ్మ అంచువి రేపు పంపుతం."

దాన్ని పంపి, అలాగే వదిలేసింది. తీసేయడానికి అందులో ఏమీ లేదు.