గడప అవతల నిలబెట్టిన కోడలు

ఆ సినిమాలో అబద్ధం ఒక్కటి కూడా లేదని నా కూతురి కూతురు ఇప్పటికీ అంటుంది. నిజమే. అందులో మాటే లేదు, ఇక అబద్ధం ఎక్కడి నుంచి వస్తుంది? పెనుకొండలో మా ఇల్లే, మా వంటిల్లే, నేను తినే పళ్లెమే, నాకు వడ్డించే కోడలే. ఉన్నవాటినే అటూ ఇటూ జరిపి నా కోడలిని రాక్షసిని చేసింది ఆ పిల్ల. నెలలు గడిచినా నా కోపం చల్లారలేదు. మూడో తరగతి దాటని చదువుతో ఇది రాయడానికి కూర్చున్నది అందుకే.

మనవరాలు హిందూపురంలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కాలేజీలో ఏదో పోటీ, అయిదు నిమిషాల సినిమా తీయాలట. ఒక ఆదివారం ఫోను, దాన్ని నిలబెట్టే మూడు కాళ్ల కర్ర పట్టుకుని వచ్చింది. నేను రోజూ ఎలా తింటానో అలాగే తింటే చాలంది. తినడమే కదా, సరేనన్నాను.

నేను తినేది వంటింటి గడప పక్కన, నేల మీద. అక్కడికి పెరటి గాలి వస్తుంది. చొట్టలు పడిన అల్యూమినియం పళ్లెం నాది, మా వైపు సత్తు తట్ట అంటాం. తేలిగ్గా ఉంటుంది, నా మణికట్టు నొప్పికి అదే నయం. కోడలు మూడుసార్లు స్టీలు పళ్లాలు తెచ్చింది. మూడుసార్లూ అటకెక్కించాను. పగలు లైటు వేయనివ్వను. చీర చిరిగితే అతుకు వేసుకుని కడతాను. పెట్టె నిండా మంచి చీరలున్నాయి, అవి పెళ్లిళ్లకు.

కోడలు మాత్రం సినిమా అనగానే తల దువ్వుకుని, ధర్మవరంలో కొన్న జరీ అంచు చీర కట్టుకుని వచ్చింది. మేనకోడలు ముచ్చటపడి తీస్తుంటే పాత చీరలో కనబడడం బాగుండదని దాని ఆలోచన.

పిల్ల ముందుగా నా పక్కనున్న పీట తీసి బయట పెట్టింది. రోజూ కోడలు కూర్చుని నాకు వడ్డించే పీట అది. తర్వాత నీళ్ల చెంబు దూరంగా జరిపింది. ఫోనును అటక అంచున నిలబెట్టింది. కోడలిని గడప అవతల, పెరటి ఎండకు ఎదురుగా, ఒక్క నిమిషం ఊరికే నిలబడమంది. వెలుతురు కోసమేమో అనుకుని కోడలు నిలబడింది. పిల్ల అడిగితే ఎండలో ఇంకో గంటైనా నిలబడేదే.

ఆ సినిమాకు బహుమతి వచ్చింది. ఫోన్లలో ఊళ్లు తిరిగింది. నా కొడుకు అంగడి నుంచి వచ్చి నాకు చూపించాడు.

పైనుంచి తీసినందుకు నేను పిడికెడంత ఉన్నాను. చుట్టూ ఖాళీ నేల. చెంబు కోసం చేయి చాపుతాను, అందదు. గడప అవతల జరీ మెరుస్తుంది, ఆ మనిషి వీపు నా వైపు ఉంది, ముఖం కనబడదు. గడప ఇవతల అతుకుల చీరలో నేను. చివర్లో తెర నిండా ఆ సత్తు తట్ట, దాన్ని తుడుస్తున్న నా వేళ్లు. మెతుకు వదలకపోవడం నా అలవాటు. అక్కడ చూస్తే మాత్రం అవి కడుపు నిండని ముసలిదాని వేళ్లు. నా మీద నాకే జాలేసి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ వెంటనే ఒళ్లు మండింది. జరగనిదానికి నన్నే ఏడిపించింది ఆ పిల్ల.

ధర్మవరం నుంచి మా వియ్యపురాలు, నా కూతురి అత్తగారు, ఫోను చేసి, కష్టంగా ఉంటే వాళ్లింటికి వచ్చి ఉండమంది. అంగడికి బెల్లం కోసం వచ్చిన ఒకామె నా కోడలితో, ముసలామెకు ఆ తట్టన్నా మార్చగూడదా అని నవ్వుతూ అని పోయిందట. కోడలు నాతో ఏమీ చెప్పలేదు. కొడుకు చెప్పాడు.

మరుసటి రోజు నుంచి ఇంట్లో అన్నీ మారిపోయాయి. అటక మీది స్టీలు పళ్లెం దిగింది. నడింట్లో నాకు కుర్చీ వేశారు. పట్టపగలు లైటు. అన్నం వేళకు కోడలు వీధి తలుపు బార్లా తెరిచేది, దారిన పోయేవాళ్లకు మేము కనబడాలని. పీట మీద కూర్చోవడం మానేసి నిలబడి వడ్డించేది. అన్నింటికన్నా నాకు సహించనిది, నాతో కొట్లాడడం మానేసింది. ఇరవై ఏళ్లుగా ఉప్పుకూ పప్పుకూ నాతో వాదించిన మనిషి, నేనేమంటే దానికి సరే అత్తా అంటోంది. మా ఇంట్లో మనుషులు వీధి కోసం అన్నం తినడం మొదలుపెట్టారు.

నేను బస్సెక్కి హిందూపురం పోయాను. హాస్టల్లో వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ మీద పిల్లను కూర్చోబెట్టి అడిగాను. దానికి తన తప్పు తెలియదు. సంతోషంగా తన విద్య చెప్పింది.

"పైనించి తీస్తే మనిషి చిన్నగా కనబడతాది అవ్వా. చుట్టూ ఖాళీ జాగా ఉంటే ఒంటరితనం తెలుస్తాది. నేను అత్తను ఏమీ అనలేదు, ఒంటరితనం గురించి తీసినా."

"మీ అత్త కూర్చునే పీట యాడుండాది ఆ సినిమాలో?"

"అడ్డమొస్తాంటే తీసినా."

"దేనికి అడ్డం?"

పిల్ల చేతిలోని ఫోనును ఒళ్లో బోర్లించింది.

"మా అంగడికి మూటలు తెచ్చేవాళ్లలో కొందరు మంచి శనక్కాయలు పైన పోసి, పుచ్చువి అడుగున పెట్టేవాళ్లు. వాళ్లను గడప తొక్కనీలేదు నేను. నువ్వు తిరగేసి చేసినావు. మంచిదంతా అడుగున పెట్టి పుచ్చు పైన పోసినావు. రెండూ మోసమే."

అప్పుడు ఏడ్చింది. ఏడవనిచ్చాను. మళ్లీ వచ్చి తీయమన్నాను. పోటీ అయిపోయింది, ఇప్పుడు తీస్తే చూసేదెవరు అంది.

"మీ అత్త చూస్తాది. వచ్చి తియ్."

మరుసటి ఆదివారమే వచ్చింది. కోడలు వెలిసిపోయిన చీరలో, చేతికి రెండే గాజులతో వచ్చి నిలబడింది. ఇట్లుంటే సరిపోతుందా అని పిల్లను అడిగింది, నన్ను కాదు. నా కోడలు తన ఇంట్లో తాను మంచిదని చూపించుకోవడానికి వేషం వేసుకుంది. పోయి ఆ జరీ చీరే కట్టుకుని రమ్మని గట్టిగా అరిచాను.

ఎన్ని రోజులకో అది నా కళ్లలోకి చూసింది.

"నేను జరీ కట్టుకుని, నువ్వు అతుకులు కట్టుకుంటే మళ్లా అదే గదా అత్తా. పాప తీసింది యాడనించి తెచ్చింది? నువ్వు కట్టుకునిందే గదా."

పిల్ల పీట తీసింది నిజం. అతుకులు నేనే వేసుకున్నాను, తట్ట నేనే పట్టుకుని కూర్చున్నాను. పొదుపు అనుకుని నేను చేసుకున్నదంతా, చూసేవాళ్లకు కోడలి మీద సాక్ష్యమైంది. ఇరవై ఏళ్లుగా ఇంటికి వచ్చిపోయే చుట్టాల కళ్లకు కూడా అలాగే కనబడిందేమో. నా కోపంలో సగం తిరిగి నా మీదికే వచ్చింది. అది మింగడం కష్టంగా ఉంది.

పెట్టె తెరిచి, కోడలే ఎప్పుడో కొనిచ్చిన చీర కట్టుకున్నాను. పెట్టె మడతలు అట్లే గీతలు పడి ఉన్నాయి. ఇన్నేళ్లు కట్టలేదని ఆ గీతలే చెబుతాయి. చెప్పనీ అనుకున్నాను. సత్తు తట్ట మాత్రం వదల్లేదు.

పిల్ల ఈసారి పీట తెచ్చి వేసింది. ఫోనును నేల మీద, మేము కూర్చుంటే మా కళ్లకు సమంగా నిలబెట్టింది. కోడలు జరీ చీరలో వచ్చి, పీట మీద కూర్చుని, చుట్టపుచూపుగా వచ్చినదానిలా మెల్లగా సంగటి పెట్టింది, పప్పు పోసింది, నెయ్యి వేసింది. ఆ నెమ్మది చూడలేకపోయాను.

"నెయ్యి ఇంత పోస్తారా? దుడ్లు ఊరికే వస్తాండాయా?" అన్నాను.

కోడలు గరిటె ఆపింది. "తినేది రెండు ముద్దలు, పెట్టేది నూరు వంకలు. తింటే తిను, లేకుంటే లెయ్. ఆ తట్టను ఈ పొద్దే పాత సామాన్లోనికి వేసేస్తా."

"వేసి చూడు."

"వేస్తా. నాకేం భయమా?"

పిల్ల ఫోను వెనకనుంచి తల ఎత్తి, ఈ కొట్లాట కోసేసేదా అని అడిగింది.

"అదొక్కటి కోసినావంటే ఈ ఇంటికి రావద్దు" అన్నాను.

రెండో సినిమాను ధర్మవరానికీ, చుట్టాలందరికీ పంపించాం. ఎవరూ ఫోను చేయలేదు. మొదటిది మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది. మొన్న కూడా ఒకరు కొత్తగా చూసి అయ్యో అన్నారు. ఆ అయ్యోకు నా దగ్గర మందు లేదు.

కానీ రెండోది తీసిన మరుసటి రోజు అన్నం వేళకు కోడలు లేచి వీధి తలుపు మూసింది. ఎండుండగా లైటెందుకని గొణుగుతూ ఆర్పేసింది. పీటను కాలితో గడప దగ్గరికి లాక్కుని కూర్చుంది. నెయ్యి నేను వద్దన్నదానికన్నా ఎక్కువే పోసింది.