మామగారి గడ్డం మిషను

మొన్న బాత్‌రూమ్‌కు కొత్త టైల్స్ వేయిస్తుంటే, వైరింగు పనికి వచ్చిన ఎలక్ట్రీషియన్ అద్దం పక్కన పెన్సిలుతో గీత గీసి, సారు షేవర్‌కు ఇక్కడ పాయింటు ఇస్తానని, ఇది నీళ్ల దగ్గర పెట్టుకోవడానికే చేసిన రకమని, భయమేమీ లేదని చెప్పాడు. మధ్యాహ్నం భోజనాల వేళకు గోడ తొలవడం, డబ్బా బిగించడం, మావారు మిషను పెట్టి చూసుకోవడం అన్నీ అయిపోయాయి. ఇంతేనా అనిపించింది నాకు. ఇదే మెదక్‌లో, నేను కోడలిగా వచ్చిన కొత్తలో, స్నానాలగదిలో ఇలాంటి ప్లగ్గు పెట్టించడానికి ఇంటిల్లిపాదీ కలిసి ఒక కుట్రే చేయవలసి వచ్చింది మరి.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు గానీ, అప్పట్లో స్నానాలగదికి సొంత బల్బు ఉండటమే గొప్ప. మా ఇంట్లో వంటింటికీ దానికీ మధ్య గోడకు పైన, కప్పుకు దగ్గరగా ఒక కన్నం ఉండేది, అందులో వేలాడే బల్బు ఒక్కటే రెండు గదులకూ దిక్కు. పప్పు ఉడికిందో లేదో చూసుకునేది ఆ వెలుతురులోనే, ఒళ్లు తోముకునేదీ ఆ వెలుతురులోనే. నీళ్లున్న చోట కరెంటు పెట్టడమంటే యముణ్ణి చుట్టంగా పిలుచుకోవడమేనని మా అత్తగారి నమ్మకం, అందుకే బల్బు కూడా అంత ఎత్తున ఉండేది.

మా మామగారిది నిజాంపేట వైపు పల్లె. పొలం కౌలుకిచ్చి టౌనులో ఎరువుల దుకాణం పెట్టుకున్నా, గడ్డం మాత్రం తమ ఊళ్లో క్షౌరం చేసే పెద్దాయన చేతే గీయించుకునేవారు. మామగారిని పెళ్లికొడుకును చేసినవాడు కూడా ఆయనే. ప్రతి బుధవారం మొదటి బస్సుకు చిన్న రేకుపెట్టె చంకన పెట్టుకుని దిగేవాడు. వాకిట్లో పీట మీద మామగారు, ఎదురుగా ఆయన, ఇక ఎవరి బర్రె ఈనింది, ఎవరి బోరు ఎండింది, ఎవరి పిల్లకు సంబంధం కుదిరింది అన్నీ ఆ నురగలోనే తేలిపోయేవి. గడ్డం ఒక వంక, అసలు పని ముచ్చట్లేనని నేను మావారితో హాస్యమాడేదాన్ని.

అయితే పెద్దాయనకు చూపు మందగించింది, మామగారికి చక్కెర జబ్బు ముదిరింది. ఒక బుధవారం దవడ కింద గాటు పడింది, అది పుండై, చీము పట్టి, నెలలు గడిచినా మానలేదు. ఇంకొక గాటు పడితే ప్రాణం మీదికి వస్తుందని, ముఖానికి కత్తి తగలకూడదని దవాఖానాలో డాక్టరు గట్టిగా చెప్పాడు. నిజమే, కానీ ఆ మాట పెద్దాయనకు చెప్పేదెవరు? పిల్లి మెడలో గంట కట్టడానికి ఎవరికీ నోరు రాలేదు. మామగారైతే, చెప్పినవాడికి ఇంట్లో అన్నం పెట్టవద్దన్నంత పని చేశారు.

అప్పుడు బయటికి వచ్చింది, మా ఆడపడుచు భర్త దుబాయి నుంచి తెచ్చి ఇస్తే బీరువాలో పడి ఉన్న గడ్డం మిషను. వాకిట్లో గీసుకుంటే వీధి వీధంతా చూస్తుంది, సంగతి ఊరికి చేరుతుంది. కనుక తలుపు గడియ ఉన్న స్నానాలగదే శరణ్యమైంది, అందులో ప్లగ్గు పెట్టించారు. మొదటి రోజు మామగారు అలవాటు కొద్దీ ముఖానికి సబ్బు నురగ పూసుకుని మిషను పెట్టబోతే, అత్తగారు పెట్టిన కేకకు పక్కింటి వాళ్లు పరుగెత్తుకొచ్చారు. ఆనాటి నుంచి ఆమె గుమ్మంలో చెక్కపీట ఎక్కి, ఎండిన రోకలి పట్టుకుని కాపలా నిలబడేది. షాకు కొడితే ఒక్క పోటుతో ఆయన్ను విడిపించాలని ఆమె ఏర్పాటు.

బుధవారం బస్సు రాకముందే మామగారు నున్నగా తయారయ్యేవారు. చక్కెర జబ్బుకు గడ్డం పెరగడం తగ్గిపోయిందని, జుట్టు కత్తిరిస్తే చాలని పెద్దాయనకు చెప్పాలన్నది మా పథకం. ఆ అబద్ధం విని ఆయన మామగారి చెంప మీద అరచేయి వేసి ఒక క్షణం ఆగాడు. తేలు కుట్టిన దొంగల్లా ఉన్నాం మేమంతా. ఆయన నురగ పూసి కత్తి విప్పేసరికి నా పై ప్రాణం పైనే పోయింది. వేడినీళ్ల చెంబు పట్టుకుని దగ్గరికి వెళ్లి చూస్తే, ఆయన కత్తిని తిరగేసి, మొద్దు వైపుతో నురగ మాత్రమే తీస్తున్నాడు. గాటు పడకపోవడంతో ఇంట్లో ఎవరూ ఆయన్ను ఆపలేదు, ఎన్నో బుధవారాలు అలాగే గడిచాయి. నేను చూసింది ఎవరికీ చెప్పలేదు.

ఒక వానాకాలం మామగారు జ్వరంతో మంచం పట్టి, లేచేసరికి గడ్డం తెల్లగా మాసి ఉంది. పెద్దాయన వచ్చి, చెంప తడిమి చూసి, పెట్టె తెరవకుండానే నా వైపు తిరిగాడు.

"చిన్నమ్మా, గా మిషిన్ తెండ్రి."

మామగారిని స్నానాలగదిలో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పెద్దాయన మిషను పట్టుకుని చెంప మీద నెమ్మదిగా తిప్పుతున్నాడు, గుమ్మంలో అత్తగారు రోకలితో ఇద్దరికీ కాపలా. మామగారు కళ్లు మూసుకునే అడిగారు.

"ఎన్నడు ఎర్కైంది నీకు?"

"తొల్తనాడే ఎర్కైంది పటేలా. చెంప మీద చెయ్యి వెట్టంగనే మిషిన్‌తోని గీస్కున్నరని తెల్వదా నాకు?"

"మరి గిన్ని దినాలు అడగకపోతివి?"

"అడిగితె ఇగ రాకు అంటరని."

"నువ్వు రాకుంటె నేను ఊకుంటనా?"

"ముచ్చట్లు ఆపుండ్రి, కరెంటు ఉన్నది!" అని అత్తగారు కసిరింది గానీ, ఆమె కూడా కొంగుతో కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. నాకైతే ఏడుపు ఆగలేదు.

ఆ తరువాత వారిద్దరూ ఉన్నన్నాళ్లూ బుధవారం గడ్డం ఆ మిషనుతో ఆయన చేతే జరిగింది. ఇప్పుడు మావారు తలుపు వేసుకుంటారు, గీసుకుంటారు, వస్తారు. గాటు లేదు, భయం లేదు, రోకలి పట్టుకుని నేను నిలబడే పనీ లేదు. సదుపాయం వద్దని ఎలా అంటాను, దగ్గరుండి పెట్టించుకున్నది నేనే కదా. కానీ ఒక మనిషి మనసు నొచ్చుకుంటుందని ఇల్లంతా కలిసి అబద్ధమాడిన రోజులు అవి. ఆ అబద్ధం తెలిసి కూడా, రావద్దంటారేమోనన్న బెంగతో నోరు మూసుకుని బస్సెక్కి వచ్చిన మనిషి ఆయన. ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ ఎవరి దగ్గరా ఏమీ దాచనక్కరలేదు. బుధవారం వస్తుంది, పోతుంది, ఆ రోజు బుధవారమని కూడా తెలియదు.